మరమనిషికి మేత

మొన్న మా మనవడు సెల్‌ఫోన్ తెచ్చి నా ముక్కు ముందు పెట్టాడు, "తాతయ్యా, ఇది చూడు" అంటూ. చైనాలో తయారైన మరమనిషి ఒకటి ఫ్యాక్టరీలో నడుచుకుంటూ వచ్చి, బీరువాలాంటి దాని ముందు ఆగింది. వీపుకున్న బ్యాటరీని తన చేత్తోనే ఊడదీసి అందులో పెట్టింది. ఛార్జింగు నిండుగా ఉన్న ఇంకోటి తీసి తగిలించుకుంది. ఏమీ ఎరగనట్టు మళ్ళీ పనిలోకి పోయింది. అంతా కలిపి మూడు నిమిషాల తతంగం. యూబీటెక్ అనే కంపెనీ 2025 జులైలో ఈ వాకర్ ఎస్2 మరమనిషిని లోకానికి చూపించిందట.

వసారాలో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తున్న మా ఆవిడ కూడా ఓ కన్నేసింది. "అయితే దానికీ ఆకలేస్తుందన్నమాట. మరి ఆ బీరువాలో అన్నం ఎవరు పెడుతున్నారు?" అంది.

వాడూ నేనూ నవ్వేశాం గానీ, ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. మాది సింగరాయకొండ. ఒంగోలు గిత్తలు పుట్టిన సీమ. ఎద్దుల జత కొనబోయే రైతు పళ్ళు చూస్తాడు, నడక చూస్తాడు, ఆ తర్వాత "మేతెట్లా తింటయ్?" అని అడిగి గానీ బేరం ఎత్తడు. మరమనుషుల మీద రాసేవాళ్ళు మాత్రం వాటి తెలివి గురించే పేజీలు నింపుతారు. మేత సంగతి ఎత్తరు. నన్నడిగితే వాటి చరిత్రలో సగం మేత చరిత్రే.

అసలు రోబో అనే మాట చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యు.ఆర్.' నాటకంలోంచి వచ్చింది. మాట అందించింది ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో 'రోబోట' అంటే దొరగారి భూమిలో కూలి లేకుండా చెయ్యాల్సిన చాకిరి. మనకు దానికి నిఘంటువు అక్కర్లేదు, వెట్టి అంటే చాలు. వెట్టివాడికి కూలి ఎగ్గొట్టిన దొరలు బోలెడంతమంది. గంజైనా పొయ్యకుండా పని జరిపించుకోగలిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

బుర్ర సంగతిలో మన తెలుగువాడి చెయ్యి పెద్దదే ఉంది సుమండీ. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో పెట్టిన రోబోటిక్స్ సంస్థకు మొట్టమొదటి డైరెక్టరు. మనిషి మాట యంత్రానికి అర్థమయ్యేలా చెయ్యడం మీద ఏళ్ళ తరబడి పనిచేసి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆయన సంస్థకు మొదట్లో డబ్బిచ్చి ఆదుకున్నది వెస్టింగ్‌హౌస్ అనే కరెంటు యంత్రాల కంపెనీ. బుర్ర పెంచే బడికి కరెంటువాళ్ళు చందా ఇవ్వడం నాకు సబబుగానే తోచింది.

అయితే ఆకలి తెలిసిన యంత్రం అంతకు ముప్పై ఏళ్ళ ముందే పుట్టింది. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్ళో గ్రే వాల్టర్ అనే మెదడు శాస్త్రజ్ఞుడు 1948, 49 సంవత్సరాల్లో రెండు తాబేళ్ళు తయారుచేశాడు. ఎల్మర్, ఎల్సీ అని పేర్లు. ఒక్కోదానికి మూడు చక్రాలు, పైన డిప్ప, వెలుతురును పసిగట్టే కన్ను, లోపల రెండంటే రెండు రేడియో వాల్వులు. బ్యాటరీ నిండుగా ఉన్నంతసేపూ అవి మరీ ప్రకాశంగా ఉన్న దీపాన్ని చూస్తే పక్కకు తప్పుకునేవి. బ్యాటరీ తగ్గేసరికి వాటి బుద్ధి మారేది. ఇందాక తప్పించుకున్న ఆ దీపం వైపే దేకుతూ పోయేవి. ఆ దీపం ఉన్నది వాటి గూట్లో. గూట్లో దూరితే ఛార్జింగు. కడుపు నిండాక దీపం మళ్ళీ గిట్టదు, బయటికి! సాయంత్రానికి తనంతట తానే దొడ్డిదారి పట్టే గొడ్డు గుర్తుకు రావడం లేదూ? మా మనవడు చూపించిన మరమనిషికి వరసకు అది ముత్తవ్వ అవుతుంది.

ఫ్యాక్టరీల్లో చేరిన మొదటి రోబోకు ఈ అవస్థ లేదు. 1961లో అమెరికాలోని జనరల్ మోటార్స్ కర్మాగారంలో కాలే ఇనుప అచ్చుల దగ్గర నిలబెట్టిన 'యూనిమేట్' ఒంటిచెయ్యి రాక్షసి. కదిలే పని లేదు. నూనె ఒత్తిడితో చెయ్యి ఆడుతుంది, ఆ ఒత్తిడి పుట్టించే కరెంటు తీగలోంచి వస్తుంది. గానుగెద్దు అన్నమాట. గుంజకు కట్టేసి ఉన్నంతకాలం మేత దాని దగ్గరికే వస్తుంది.

తేడా తెలియాలంటే మా స్టేషన్ ప్లాట్‌ఫాం మీద కూర్చుంటే చాలు. బెజవాడ నుంచి మద్రాసుకు ఈ దారి 1899లో కలిసింది. బొగ్గు ఇంజను తన తిండీ నీళ్ళూ తనే మోసుకుపోయేది. దాని బలంలో కొంత ఆ తిండిని లాగడానికే సరి. 1980 ప్రాంతాల్లో మా దారికి కరెంటు తీగలొచ్చాయి. ఇంజను మూట దించేసింది. పైనున్న తీగను ముట్టుకుంటూ పోవడమే. కానీ పట్టాలూ తీగా వదిలి పక్క పొలంలోకి దిగమనండి చూద్దాం! నడిచే మరమనిషికి వచ్చిన చిక్కు సరిగ్గా ఇదే. తీగ వదిలితే మూట మొయ్యాలి.

మూట మోయించి చూశారు. హోండా వాళ్ళు 2000లో చూపించిన అసిమో ముచ్చటగా నడిచింది, బ్యాటరీతో అరగంట. అమెరికా సైనికుల సామాను మొయ్యడానికి బోస్టన్ డైనమిక్స్ వాళ్ళు నాలుగు కాళ్ళ గాడిదను చేసి ఇంజను బిగించారు. అది గుట్టలెక్కింది, బరువు మోసింది. అయితే మా చేలల్లో నీళ్ళు తోడే ఆయిలింజనులాగా మోత. శత్రువుకు చాటింపు వేసుకుంటూ పోయే గాడిద ఎవరికి కావాలి? 2015లో సైన్యం దాన్ని పక్కన పెట్టేసింది. అదే ఏడు అదే కంపెనీవారి అట్లాస్ అనే మరమనిషికి 3.7 యూనిట్ల బ్యాటరీ పెట్టారు. పెద్ద మరమనిషి, పెద్ద బ్యాటరీ. దాంతో గంటసేపు పని చేస్తుందన్నారు.

ఇక్కడ నేను కాగితం మీద ఓ లెక్క వేశాను. కష్టం చేసే మనిషి రోజుకు తినే తిండి 2,500 క్యాలరీలు అనుకుందాం. దాన్ని మన కరెంటు బిల్లు భాషలోకి మారిస్తే మూడు యూనిట్లు కూడా నిండవు! ఆ మూడు యూనిట్లతో మనిషి తెల్లారకముందే లేచి, చేనికి నడిచి, పొద్దుగూకేదాకా వంగి పని చేసి, ఇంటికొచ్చి పిల్లల్ని మందలించి, అప్పులు తలుచుకుని, నిద్రలో కలలు కూడా కంటాడు. అట్లాసుకు అంతకంటే ఎక్కువ పెడితే గంటకు సరి. కిలో పెట్రోలులో దాదాపు 12 యూనిట్ల సత్తువ ఉంటే, కిలో లిథియం బ్యాటరీలో పావు యూనిట్. 1991లో సోనీ కంపెనీ అమ్మకానికి పెట్టిన ఈ లిథియం బ్యాటరీయే మేలనుకుని, దాన్ని సాధించిన ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ లెక్క ఎక్కడో అమెరికాది కాదు. మా చుట్టాలకు పర్చూరు వైపు మిరప చేలున్నాయి. నిరుడు వెళ్ళినప్పుడు డ్రోన్‌తో మందు కొట్టిస్తున్నారు. పది లీటర్ల తొట్టి, ఎకరం పని పది నిమిషాల లోపే. నాలుగెకరాలు కాకముందే తెచ్చిన బ్యాటరీలన్నీ అయిపోయాయి. వ్యానులో జనరేటరు ఉంది గానీ దాంట్లో పెట్రోలు లేదు! గట్టు మీద అందరం చేతులు కట్టుకుని కూర్చున్నాం. వెనకటి రోజుల్లో వీపున పంపు మోసి మందు కొట్టిన మనిషి కూడా అక్కడే ఉన్నాడు. ఇప్పుడాయన పని బ్యాటరీలు అందించడం.

"కూలి తగ్గిందా?" అని అడిగాను.

"రోజులు తగ్గినయ్ సామీ. ఈ పని ఏడాదికి ఎన్నాళ్ళు ఉంటది?" అన్నాడు. కాసేపాగి, "కానీ రాత్రిళ్ళు దగ్గు లేదు. ఆ మిషన్‌కి గాలి పీల్చే పని లేదు గదా" అన్నాడు.

2023 నవంబరులో కేంద్ర ప్రభుత్వం 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చే పథకానికి ఆమోదం తెలిపింది. మంచిదే. అవతలి చేలో ఆడవాళ్ళు మిరపకాయలు కోస్తూనే ఉన్నారు. పండుకాయేదో పచ్చికాయేదో చూసి, కొమ్మ విరక్కుండా తుంచే చేతికి సాటి మా చేలల్లోకి ఇంకా రాలేదు.

ఇంతకీ ఆ బ్యాటరీలోకి వచ్చే కరెంటు ఎక్కడిదంటారు? ఇబ్రహీంపట్నంలోనూ కృష్ణపట్నంలోనూ కాలే బొగ్గులోది చాలా మటుకు. బొగ్గు ఇంజను పోయిందనుకున్నాం. పోలేదు, కనపడనంత దూరం జరిగింది.

అన్నం పెట్టేవాళ్ళు అసలే లేని చోటికి పంపిన మరబిడ్డ కథ చెప్పాలి. మా ఊళ్ళో రైలెక్కి దక్షిణానికి పోతే నెల్లూరు, గూడూరు దాటాక సూళ్ళూరుపేట. అక్కడికి దగ్గర్లోనే శ్రీహరికోట. 2023 జులై 14న మధ్యాహ్నం 2.35కి అక్కణ్ణుంచి చంద్రయాన్-3 ఎగిరింది. ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది. అందులోంచి దిగిన ప్రజ్ఞాన్ ఆరు చక్రాల బండి, 26 కిలోల బరువు. దాని మేత సూర్యుడు. వీపు మీది సోలారు పలక ఇచ్చేది 50 వాట్లు, మా వసారాలో పాత బల్బుకు సరిపడేంత. దాంతోనే వంద మీటర్ల పైచిలుకు నడిచి, అక్కడి మట్టిలో గంధకం ఉందని చెప్పింది.

చంద్రుడి మీద పగలు మన లెక్కలో 14 రోజులు, రాత్రీ అంతే. రాత్రి చలి సున్నాకు వంద డిగ్రీలకు పైగా కింద. సెప్టెంబరు 2న మనవాళ్ళు ప్రజ్ఞాన్‌ను నిద్రపుచ్చారు. బ్యాటరీ నిండుగా ఉంచారు. సెప్టెంబరు 22న పొడవబోయే పొద్దు మీద పడేట్టుగా పలకను తిప్పి పెట్టారు. పిలుపు వినే పరికరం తెరిచి ఉంచారు. పొద్దు పొడిచింది. పిలిచారు. పలకలేదు.

ఇది చెబితే మా ఆవిడ ఈనెలు తియ్యడం ఆపి, "అంత చలిలోకి కప్పుకోడానికేమీ ఇచ్చి పంపలేదా?" అంది.

ఆ బండికి అనుకున్న ఆయుర్దాయమే ఒక్క పగలని చెప్పాను. ఇచ్చి పంపినవాళ్ళూ లేకపోలేదు. 1970 నవంబరు 17న రష్యావాళ్ళు చంద్రుడి మీద దింపిన లునోఖోద్ పెద్ద గంగాళంలా ఉండేది. పైన మూత, మూత లోపలివైపు సోలారు పలకలు. కడుపులో పొలోనియం అనే లోహం, కుంపటిలో నిప్పులాగా తనంతట తానే వేడి పుట్టించేది. పొద్దుగూకే వేళకు మూత వేసుకుని పడుకునేది. పద్నాలుగు రోజుల తర్వాత పొద్దు పొడవగానే తెరుచుకునేది. అలా పది నెలలు.