తుంగభద్రలో గాలం, వల: బళ్ళారి సీమలో చేపల హక్కు చరిత్ర

బళ్ళారి సీమలో చేపల వేట చరిత్రను పరిశీలిస్తే, నదికి అడ్డంగా మనుషులు కట్టిన కట్టడాలు చేపలను ఒకచోటికి చేర్చాయనీ, చేప చేరిన చోట దానిని పట్టే అర్హత ఎవరిదన్న తగవు కూడా చేరిందనీ తెలుస్తుంది. పారే నదిలో తరతరాల వాడుకే హక్కుగా చెల్లేది. కట్టిన నీటిలో అలాంటి పాత వాడుక లేనందువల్ల హక్కును చట్టమో, లైసెన్సో, వలకన్ను కొలతో నిర్ణయించవలసి వచ్చింది. ఈ మూడింటి వెనుకా వేర్వేరు కాలాల్లో వేర్వేరు వర్గాల ప్రయోజనాలు పనిచేశాయి.

విజయనగర పాలకులు తుంగభద్రపై రాతి ఆనకట్టలు కట్టి రాయ, బసవన్న, తురుత్తు మొదలైన కాలువలకు నీరు మళ్ళించారు. ఆనకట్ట అంటే నీటిని నిలవచేసే డ్యామ్ కాదు. నది మట్టాన్ని కొద్దిగా పెంచి, మిగులు నీటిని తన మీదుగానే పొర్లనిచ్చే అడ్డుగోడ. వరదకాలంలో ఎదురీదే చేపలు ఇలాంటి గోడ దిగువన ఆగి, అక్కడి మడుగుల్లో గుమిగూడటం సహజం. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, వెదురు వంటి బద్దలతో అల్లి తోలు కప్పిన గుండ్రటి బుట్టల్లో జనం నది దాటడాన్ని వర్ణించాడు. తెలుగువారు పుట్టి అనీ, కన్నడిగులు హరిగోలు అనీ పిలిచే ఈ సాధనమే బెస్తలకు రేవు దాటించే బతుకునూ, వల వేసే బతుకునూ ఇచ్చింది.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకోవడంతో బళ్ళారి దత్తమండలాల్లో భాగమై, 1953 వరకు మద్రాసు పాలనలో ఉంది. ఆ పాలనలో చేపల చట్టం గురించిన ఆలోచనకు వేటగాళ్ళ జీవనంతో పాటు తెల్ల అధికారుల వినోదం కూడా ఒక మూలమైంది. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్ దక్షిణ కన్నడ జిల్లా కలెక్టరుగా పనిచేస్తూ నదీ మత్స్యాలపై నివేదిక రాశాడు. 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ అనే గాలపు వేట గ్రంథాన్ని ప్రచురించాడు. నీటిలో విషం కలపడం, సన్నకన్ను వలలతోనూ బుట్టలతోనూ పిల్లచేపలను ఊడ్చిపట్టడం ఆపకపోతే నదులు వట్టిపోతాయన్నది అతని వాదం. అదే సంవత్సరం ఫ్రాన్సిస్ డే భారత, బర్మా దేశాల మంచినీటి చేపల వేటపై నివేదిక వెలువరించి ఇదే ఆందోళన వ్యక్తం చేశాడు. వీరి ఆందోళనకు ఆధారం ఉంది. అయితే గాలపుకర్రతో పెద్దచేపను ఆడించి పట్టే దొరకూ, సాయంత్రపు కూరకోసం మడుగులో మావు (చేపలు పట్టే బోను) పెట్టే కుటుంబానికీ ‘నాశనం’ అన్న మాట ఒకే అర్థాన్ని ఇవ్వలేదు.

1897లో వచ్చిన భారత మత్స్య చట్టం ఈ చర్చకు ఫలితం. అది పేలుడు పదార్థాలతోనూ విషంతోనూ చేపలు చంపడాన్ని నేరంగా ప్రకటించింది. ప్రైవేటువి కాని నీటివనరుల్లో వలల రకాన్నీ, కన్ను కొలతనూ నిర్ణయించే అధికారాన్నీ, ఎంచుకున్న నీటిలో రెండేళ్ళకు మించకుండా వేటను పూర్తిగా ఆపే అధికారాన్నీ ప్రాంతీయ ప్రభుత్వాలకు ఇచ్చింది. నేలలో పాతి గానీ మరో విధంగా గానీ కదలకుండా ఉంచే వలనూ, బోనునూ, మావునూ కలిపి ‘స్థిర సాధనం’గా నిర్వచించి, దానినీ నియంత్రణ పరిధిలోకి తెచ్చింది. గాలాన్ని మాత్రం ఆ నిర్వచనాల్లో ఎక్కడా చేర్చలేదు. మనిషిని పేరుపెట్టి వెలివేయకుండా అతని చేతిలోని పనిముట్టును వెలివేసే పద్ధతి ఈ విధంగా మన నదుల పాలనలోకి వచ్చింది.

తుంగభద్ర డ్యామ్‌తో ఈ పద్ధతికి విశాలమైన రంగస్థలం దొరికింది. అప్పట్లో నది మద్రాసు ప్రెసిడెన్సీకీ హైదరాబాదు సంస్థానానికీ సరిహద్దు కావడంతో, 1945 ఫిబ్రవరి 28న రెండు ఒడ్డుల మీదా వేర్వేరుగా శంకుస్థాపన జరిగింది. నిర్మాణం ఒక కొలిక్కి వచ్చిన 1953లోనే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు దానికి దక్కగా, బళ్ళారి సహా మిగతా జిల్లా మైసూరులో కలిసింది. ఉమ్మడి నీటిని నడిపించడానికి తుంగభద్ర బోర్డు ఏర్పడింది. జలాశయంలో చేపల పెంపకం, వేట వ్యవహారాలు కూడా ఆ బోర్డు బాధ్యతల్లో చేరాయి. నిండినప్పుడు దాదాపు 378 చదరపు కిలోమీటర్లు పరుచుకునే ఈ నీటికి పాత యజమాని లేడు. మునిగిన ఊళ్ళ రైతులకు ఆ నేలమీద ఉన్న హక్కు నీటిమీద హక్కుగా మారలేదు.

అడుగున మునిగినదాన్ని బట్టే వేట స్వభావం ఏర్పడింది. నారాయణదేవరకెరె వంటి ఊళ్ళ గోడలు, చెట్ల మోళ్ళు, గుట్టల రాళ్ళు, కృష్ణదేవరాయల కాలపు వల్లభాపురం ఆనకట్ట జలాశయ గర్భంలో ఉండిపోయాయి. సముద్రతీర దేశాలు నేడు కాంక్రీటు దిమ్మలను, పాత ఓడలను కావాలని సముద్రంలో దించి, నాచు పట్టి చిన్న జీవులు చేరి వాటిని తినే చేపలు మూగే ఆవాసాలను తయారు చేస్తున్నాయి. వీటిని కృత్రిమ రీఫ్‌లు అంటారు. ఎవరూ ఉద్దేశించకపోయినా తుంగభద్ర అడుగున మునిగిన ఊళ్ళు కూడా చేపకు అలాంటి ఆశ్రయాన్నే ఇచ్చాయి. రాళ్ళూ మోళ్ళూ ఉన్న చోట నీటిలో నిలువుగా తేలుతూ మొప్పల దగ్గర చేపను బిగించే రంగూన్ వల వంటివి పనికివస్తాయి. నేలను ఊడ్చుకుంటూ లాగే వల మాత్రం అక్కడ చిక్కుకుని చిరిగిపోతుంది.

లాగే వలల్లో పెద్దది అలివి. తీరం నుంచి పడవపై అర్ధచంద్రాకారంగా వలను విడిచి, రెండు కొసలనూ మనుషులు ఒడ్డుకు లాగే ఈ పద్ధతీ, దాని పేరూ కోస్తా ఆంధ్ర సముద్రతీరానివి. వలస జాలర్ల ద్వారా అది తుంగభద్రకు చేరింది. వేసవిలో నీరు తగ్గి చదునైన ఒడ్డు బయటపడినప్పుడు అలివికి అనువైన కాలం. సన్నకన్ను కావడంతో అందులో ఎప్పటికీ పెద్దవి కాని చిరుచేపలతో పాటు బొచ్చె, రోహు, మోసు వంటి పెంపకపు చేపల పిల్లలూ పడతాయి. పుట్టిపై ఇద్దరు ముగ్గురుగా వెళ్ళి పెద్దకన్ను వల వేసే స్థానికుడి దృష్టిలో అది రేపటి పంటను నేడే కోయడం. పదుల మంది కూలితో వలను లాగించే ముఠా మాత్రం చిరుచేపలను ఎండబెట్టి అమ్మే వ్యాపారం మరెవరూ చేయరన్న వాదంతో సమర్థించుకుంటుంది. శ్రీశైలం జలాశయంలో సోమశిల, కొల్లాపూర్ ప్రాంతాల మత్స్యకారులు అలివి వలలపై చేసిన ఆందోళనల్లోనూ ఇదే తగవు కనిపిస్తుంది.

చేప చేరిన చోటు ఎవరిదన్న ప్రశ్నకు అమెరికాలోని న్యూజెర్సీ తీరం మరో రకమైన జవాబు ఇచ్చింది. అక్కడ 1984లో మొదలైన కృత్రిమ రీఫ్‌ల కార్యక్రమానికి గాలపు సామగ్రిపై వసూలయ్యే పన్ను నుంచి నిధులు అందేవి. వాణిజ్య జాలర్లు అదే రీఫ్‌లపై లాబ్‌స్టర్ల, చేపల బోన్లు దించగా, ఆ తాళ్ళలో తమ గాలాలు చిక్కుకుంటున్నాయని వినోదపు వేటగాళ్ళు అభ్యంతరం చెప్పారు. ఈ తగవు వల్ల 2011లో కేంద్ర నిధులు ఆగిపోయాయి. 2018లో కేంద్ర జలాల్లోని 13 రీఫ్‌లపై గాలం, చేతితాడు, ఈటె మాత్రమే అనుమతిస్తూ నియమం వచ్చింది. డబ్బు పెట్టినవాడిదే చోటు అన్నది ఆ నియమం సారం. తుంగభద్రలో డబ్బు పెట్టింది ప్రభుత్వాలు, నేల ఇచ్చింది మునిగిన ఊళ్ళు, చేపను పట్టింది బెస్తలూ వలసజాలర్లూ కనుక అంత తేలికైన సూత్రం ఇక్కడ పొసగదు.

డ్యామ్ దిగువన వినోదం ఇప్పుడు మరో రూపంలో తిరిగివచ్చింది. 1986లో హంపి ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరిన తరువాత యాత్రికుల రాక పెరగగా, ఒకప్పటి వేటపుట్టి నేడు యాత్రికుల విహారానికీ ఉపయోగపడుతోంది. 2015లో కర్ణాటక ప్రభుత్వం ముద్లాపుర నుంచి కంప్లి వరకు 34 కిలోమీటర్ల నదిని నీరుకుక్కల సంరక్షణ స్థలంగా ప్రకటించింది. చేపలే ఆహారంగా బతికే నీరుకుక్కకు మందుగుండు వేట ప్రాణాంతకం కనుక ఆ రక్షణ న్యాయమైనదే. అయినా వల చించే జంతువుగా దానిని ఎరిగిన జాలరికి, నదిపై మరో కొత్త వాటాదారు చేరినట్లే కనిపిస్తుంది.

గాలపు దొర, అలివి ముఠా, యాత్రికుడు, నీరుకుక్క ఒకరి తరువాత ఒకరుగా ఈ నీటిలో వాటాకు వచ్చారు. రక్షణ పేరుతో నియమాలు మారాయి, ఆ రక్షణ అవసరం నిజమే. అయితే వలకన్నును కొలిచిన చట్టాలు దానిని పట్టుకున్న చేతి బతుకును కొలవలేదు. మునిగిన వల్లభాపురం ఆనకట్టను ఎవరు కట్టించారో చరిత్రకు తెలుసు. దాని రాళ్ళమధ్య నేడు చేరే చేప ఎవరిదన్నది మాత్రం ఆ యేటి లైసెన్సు కాగితాన్ని బట్టే తేలుతోంది.