హైదరాబాద్ కుక్కలు, క్లోరోఫాం, టెస్టింగ్‌లో దొరకని ఒక బగ్

ఈ రోజు ఎపిసోడ్ రాజుగాడితో మొదలుపెడదాం. రాజుగాడు అంటే మా వీధి కుక్క. పోయిన నెల ఎవరో బైక్‌తో గుద్ది వెళ్లిపోయారు. వెనక కాలు విరిగింది. ఆటోలో వేసుకుని వెటర్నరీ క్లినిక్‌కి తీసుకెళ్లాను. ఆపరేషన్ అన్నారు, ఒక ఫామ్ ఇచ్చారు. "మత్తు వల్ల ప్రాణాపాయం జరగొచ్చు, నాకు సమ్మతమే" అని దాని మీద ఉంది. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికింది, నిజం చెప్తున్నా.

డాక్టర్ గారు ముందు కండకి ఒక ఇంజెక్షన్ ఇచ్చి, లైట్ తగ్గించి, పావుగంట కూర్చోమన్నారు. "అసలు మత్తు ఎప్పుడిస్తారు సార్?" అని అడిగాను.

"ముందు వాడి భయం తగ్గాలి బాబూ. భయపడ్డ కుక్కకి నేరుగా మత్తు ఇవ్వకూడదు. గుండెకి మంచిది కాదు" అన్నారు.

ఆ ఒక్క మాట పట్టుకుని రాత్రంతా చదివాను. చదువుతూ పోతే కథ ఎక్కడ తేలిందో తెలుసా? మన హైదరాబాద్‌లో, 1889లో!

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1846 అక్టోబర్‌లో అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ అనే డెంటిస్ట్ ఈథర్‌తో మత్తిచ్చి అందరి ముందు ఆపరేషన్ చేయించాడు. మనిషికి ఇచ్చే ముందు తన పెంపుడు కుక్క మీదే దాన్ని ప్రయత్నించాడు. అంటే మత్తు కథలో కుక్క మొదటి నుంచీ ఉంది. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫాం తెచ్చాడు. ఈథర్ కంటే వాసన బాగుంటుంది, త్వరగా పనిచేస్తుంది. ఒక రుమాలు, కొన్ని చుక్కలు చాలు.

కానీ 1848 జనవరి 28న ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయికి కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. ఆ పిల్ల భయంతో ఏడుస్తూ కుర్చీలో కూర్చుంది. కొన్ని నిమిషాల్లోనే చనిపోయింది. గోరు తీయించుకోవడానికి వెళ్లి ప్రాణం పోగొట్టుకుంది. ఆ తర్వాత అలాంటి చావులు ఇంకా జరిగాయి.

ఎందుకు చనిపోతున్నారు? డాక్టర్లు రెండు పార్టీలయ్యారు. లండన్ వాళ్లు "ముందు గుండె ఆగుతోంది, నాడి పట్టుకుని కూర్చో" అన్నారు. ఎడిన్‌బరో వాళ్లు "ముందు ఊపిరి ఆగుతోంది, ఊపిరి చూసుకుంటే చాలు" అన్నారు. ఈ గొడవ 40 ఏళ్లు నడిచింది.

ఇక్కడ మన హైదరాబాద్ ఎంటరవుతుంది. ఎడిన్‌బరోలో చదివిన ఎడ్వర్డ్ లారీ ఇక్కడ రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కి పెద్ద. ఊపిరి పార్టీ మనిషి. 1888లో నిజాం ప్రభుత్వం సాయంతో క్లోరోఫాం కమిషన్ వేసి, కుక్కల మీద ప్రయోగాలు చేసి, "ప్రతిసారీ ఊపిరే ముందు ఆగింది" అని తేల్చాడు. లండన్‌లోని లాన్సెట్ పత్రిక దాన్ని నమ్మలేదు. దాంతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌండ్లు ఇచ్చాడు: మీ మనిషినే పంపండి, కళ్లారా చూసుకోండి అని.

లాన్సెట్ తరఫున లాడర్ బ్రంటన్ వచ్చాడు. ఆ రోజుల్లో మందుల శాస్త్రంలో చాలా పెద్ద పేరు. గుండె వైపు మొగ్గు ఉన్న మనిషి. 1889 చివర్లో రెండో కమిషన్ 400కు పైగా జంతువుల మీద ప్రయోగాలు చేసింది. ఎక్కువ కుక్కలే. మత్తిచ్చే పనిలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే మన హైదరాబాద్ మెడికల్ స్కూల్ విద్యార్థిని కూడా ఉంది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరిగా ఆమెను చెప్పుకుంటారు. స్కూల్ పుస్తకాల్లో నేనైతే ఆ పేరు ఎప్పుడూ చూడలేదు.

రిజల్ట్? బ్రంటన్ మనసు మార్చుకుని లండన్‌కి టెలిగ్రామ్ కొట్టాడు: ప్రమాదం ఊపిరాడకపోవడం వల్ల, డోసు ఎక్కువవడం వల్లే, గుండె మీద నేరుగా ఏమీ లేదు అని. లారీ గెలిచాడు. కేస్ క్లోజ్.

కానీ లారీ తప్పు, ఫ్రెండ్స్.

నేను మూడేళ్లు సాఫ్ట్‌వేర్ టీమ్‌లో పనిచేశాను కాబట్టి ఈ తప్పు నాకు బాగా తెలుసు. 400 టెస్ట్ కేసులు రాస్తాం, అన్నీ పాస్. లైవ్‌కి వెళ్లగానే క్రాష్. ఎందుకంటే ఆ 400 కేసులూ ఒకే రకం. హైదరాబాద్‌లో జంతువులకి ఎక్కువగా క్లోరోఫాం బాగా పట్టించి, డోసు మితిమీరితే ఏమవుతుందో చూశారు. అలాంటప్పుడు ఊపిరే ముందు ఆగుతుంది, అది నిజమే. కానీ హన్నా చనిపోయింది అలా కాదు. భయంతో ఉన్నప్పుడు, మత్తు మొదలవుతుండగానే పోయింది.

1911లో ఇంగ్లండ్‌లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద ప్రయోగాలతో అసలు సంగతి పట్టుకున్నాడు. క్లోరోఫాం కొద్దిగా ఎక్కి ఉన్నప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పొంగితే గుండె కొట్టుకోవడం మానేసి గజగజ వణుకుతుంది. దీన్ని వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అంటారు. రక్తం ముందుకు కదలదు, క్షణాల్లో ప్రాణం పోతుంది. మరి అడ్రినలిన్ ఎప్పుడు పొంగుతుంది? భయం వేసినప్పుడు!

ఇప్పుడు రాజుగాడి మొదటి ఇంజెక్షన్ అర్థమైందా? దాన్ని ప్రీ మెడికేషన్ అంటారు. ఇప్పుడు కుక్కలకి క్లోరోఫాం వాడరు. కానీ ముందు భయం తగ్గించాలనే రూల్ మిగిలింది. భయం తగ్గితే అసలు మత్తు డోసు కూడా తగ్గుతుంది. మన క్లినిక్‌లలో ఇందుకు ఎక్కువగా కనిపించే జైలజిన్‌ని 1962లో జర్మనీలో బేయర్ కంపెనీ బీపీ మందు కోసం వెతుకుతూ తయారుచేసింది. ఇక ప్రపంచమంతా మనుషులకి ఆపరేషన్ థియేటర్‌లో ఇచ్చే ప్రొపొఫాల్‌ని కనిపెట్టిన జాన్ గ్లెన్ చదివింది వెటర్నరీ! 2018లో ఆయనకి లాస్కర్ అవార్డు వచ్చింది.

నన్ను కుదురుగా ఉండనివ్వని సంగతి ఒకటుంది. మనుషుల కోసం ఆ కుక్కలు పోయాయి. మరి మత్తు వాటి దాకా ఎప్పుడొచ్చింది? కుక్కలు సహా కొన్ని జంతువులకి కొన్ని ఆపరేషన్లు మత్తు లేకుండా చేయకూడదని బ్రిటన్ చట్టం చేసింది 1919లో. క్లోరోఫాం వచ్చిన 72 ఏళ్లకి! నొప్పి మాత్రలైతే ఇంకా ఆలస్యం. కుక్కల కోసం కార్‌ప్రొఫెన్‌కి అమెరికా అనుమతి ఇచ్చింది 1996లో. అంటే నేను పుట్టడానికి కాస్త ముందు.

అందుకే ఒక రిక్వెస్ట్. మీ కుక్క కుంటుతోందని ఇంట్లో ఉన్న ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ వేయకండి. మనకి పనిచేసే మాత్ర వాటికి విషం కావచ్చు. డాక్టర్‌నే అడగండి. ఆపరేషన్ ఉంటే ముందు భయం ఎలా తగ్గిస్తారో, తర్వాత నొప్పికి ఏం ఇస్తారో కూడా అడగండి. మొహమాటం వద్దు, అది అడగాల్సిన ప్రశ్నే.

రాజుగాడు బాగానే ఉన్నాడు. కాలికి ప్లేటు ఉంది, మూడు కాళ్ల మీదే బైకుల వెంట పడుతున్నాడు. 1889లో ఇదే ఊళ్లో వాడిలాంటి కుక్కలకి పేర్లు రాసిపెట్టిన వాళ్లెవరూ లేరు, నంబర్లే. ఈ ఎపిసోడ్ వాటికి. ఉంటాను, మళ్లీ కలుద్దాం.