మైక్రోవేవ్ వంటకు పుస్తకం దొరికిన కథ

పెళ్లయి అమెరికా వచ్చే ఆడపిల్ల పెట్టెలో ఆవకాయ సీసాతో బాటు మాలతీ చందూర్ గారి ‘వంటలు - పిండివంటలు’ ఉండటం ఒకప్పుడు మామూలు విషయం. తీరా ఇక్కడి వంటింట్లో అడుగు పెడితే మైక్రోవేవ్ ఓవెన్ ఎదురయ్యేది. మనకు తెలిసిన వంటంతా పొయ్యి మీద మూకుడు పెట్టడంతో మొదలవుతుంది. ఈ పెట్టెలోనేమో మూకుడూ, స్టీలు గిన్నే పెట్టకూడదు! మరి ఏ పుస్తకం చూసి వండాలి?

ఈ పెట్టె అసలు వంట కోసం పుట్టింది కాదు. 1940లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాం విశ్వవిద్యాలయంలో రాండల్, బూట్ అనే శాస్త్రజ్ఞులు రాడార్ కోసం కావిటీ మాగ్నెట్రాన్‌ను తయారుచేశారు. 1945లో అమెరికాలో రేథియాన్ కంపెనీ ఇంజనీరు పెర్సీ స్పెన్సర్ మాగ్నెట్రాన్ దగ్గర నిలబడి ఉండగా ఆయన జేబులోని మిఠాయి కరిగిపోయిందట. హైస్కూలు చదువైనా పూర్తిచేయని ఆయన ఊరుకోలేదు. మొక్కజొన్న గింజలు తెచ్చి పేలాలు చేసి చూశాడు. ఆ ఏడే పేటెంటుకు దరఖాస్తు చేశాడు.

1947లో వచ్చిన ‘రాడారేంజ్’ సుమారు 6 అడుగుల ఎత్తు, 750 పౌన్ల బరువు. 1955లో టాపన్ కంపెనీ ఇళ్లకోసం తెచ్చిన ఓవెన్ ధర 1,295 డాలర్లు. 1967లో అమానా కంపెనీ 495 డాలర్లకు బల్లమీద పెట్టుకునే ఓవెన్ అమ్మింది. అమెరికా వలస చట్టం మారింది 1965లో. అంటే మనవాళ్లూ, ఈ పెట్టే ఇంచుమించు ఒకే కాలంలో ఇక్కడి ఇళ్లలో కుదురుకున్నారన్నమాట.

ఓవెన్‌తో బాటు కంపెనీలు వంట పుస్తకాలూ ఇచ్చేవి. వాటిలో ఉండేవి బేకన్, హాంబర్గర్, బంగాళాదుంప. మన తాలింపు ఊసే లేదు. దానికి కారణమూ ఉంది. మైక్రోవేవ్ తరంగాలు ముఖ్యంగా పదార్థంలోని నీటిని వేడిచేస్తాయి. నూనె అంత తేలికగా వేడెక్కదు. అందుకే కూరముక్కలు ఇట్టే ఉడుకుతాయి గానీ, ఆవాలు చిటపటలాడటానికి మాత్రం పొయ్యే మేలు.

1987లో బార్బరా కాఫ్కా ‘మైక్రోవేవ్ గోర్మే’ రాసి, ఈ పెట్టెలోనూ రుచిగా వండవచ్చని అమెరికన్లకు చెప్పారు. 1990లో జూలీ సాహ్ని ‘మొఘల్ మైక్రోవేవ్’ వచ్చింది. భారతీయ వంటలకే కేటాయించిన పుస్తకం చేతికందింది. అయినా మన పులిహోరకూ, ఆవపెట్టిన కూరకూ లెక్కలు మన ఆడవాళ్లే కట్టుకున్నారు. అప్పడం నూనె లేకుండా ఎన్ని సెకన్లలో పొంగుతుందో, పాలపొడితో కోవా ఎన్నిసార్లు కలిపితే కుదురుతుందో ఫోనుల్లో చెప్పుకున్నారు, చీటీల మీద రాసుకున్నారు.

మన మైక్రోవేవ్ వంట చరిత్రలో సగం ఆ చీటీల్లోనే ఉంది. వాటిలో ఒక్కటే లోటు. ‘5 నిమిషాలు’ అని రాసి ఉంటుంది గానీ ఎన్ని వాట్ల ఓవెన్‌లోనో ఉండదు. 600 వాట్ల ఓవెన్‌లో 5 నిమిషాల పని, 1,000 వాట్ల ఓవెన్‌లో దాదాపు 3 నిమిషాలకే అయిపోతుంది. అమ్మ చీటీని నమ్మి కొత్త ఓవెన్‌లో వండిన కూతురికి మిగిలేది మాడిన కోవాయే. తప్పు అమ్మది కాదు, కూతురిదీ కాదు. రాయకుండా వదిలేసిన ఆ ఒక్క అంకెది.

కనుక ఈ ఉగాదికి ఒక పని చేద్దాం. పచ్చడి కలిపాక, ఇంట్లోని పాత చీటీలు తీసి పెద్దవాళ్ల దగ్గర కూర్చుందాం. అప్పటి ఓవెన్ ఎన్ని వాట్లదో, ఏ గిన్నె వాడారో, మధ్యలో ఎన్నిసార్లు కలిపారో అడిగి పక్కనే రాసి పెట్టుకుందాం. బజారులో దొరకని ఆ పుస్తకం మన ఇళ్లలోనే ఉంది. చెప్పేవాళ్లు ఉండగానే దాన్ని పూర్తిచేసుకోవాలి.