మ్యూజియం ఎవరి పేరు మీద?

సాలార్‌జంగ్ మ్యూజియం చూడటమంటే హైదరాబాదులో మూసీ ఒడ్డున మూడు భవనాలు తిరగటం: నడుమ భారతీయ విభాగం, చెరోపక్క పాశ్చాత్య, ప్రాచ్య విభాగాలు. జనం గుమిగూడేది ముసుగు రెబెక్కా ముందు. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోములో కొన్న ఆ పాలరాతి బొమ్మను చెక్కినవాడు బెంజోనీ అని రాసి ఉంది.

నన్ను నిలిపినవి బిదరీ హుక్కాలు. తుత్తునాగంలో కాస్త రాగి కలిపి పోతపోసి, గీతలు తొలిచి, వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరచిన పనితనమది. ఆ నలుపు వెండికి అంటదు. నేను చూసినవాటి కింద ఊరు ఉంది, శతాబ్దం ఉంది. పనివాడి పేరు లేదు. ప్రబంధకవికి ఆశ్వాసాంత గద్యంలోనైనా పేరు చెప్పుకునే వీలుండేది. ఇతనికి అదీ లేదు.

ఇదంతా ఒక్కడి సేకరణ అని కీర్తించటం మనకు అలవాటు. (నిజానికి మూడు తరాలది.) మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ దివానుగిరీ చేసింది 1912 నుంచి రెండేళ్లే; ఆపైన 1949లో చనిపోయేవరకూ కొంటూనే ఉన్నాడు. ఆయన అభిరుచిని కాదనను. కాని సొమ్మెక్కడిది? కొప్పళ మొదలైన జాగీరు ఊళ్ల శిస్తు. ఆయన పోయిన ఏడాదే జాగీర్లు రద్దయ్యాయి. 1951లో దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియం తెరిచాడు. శిస్తు కట్టిన రైతు కొడుకు ఆ హుక్కా చూడగలిగింది ఆ తరువాతే.