రూపం మారిన రచన: బీటిల్స్ ‘మాజికల్ మిస్టరీ టూర్’ పాఠచరిత్ర

గ్రామఫోను యుగంలో పాటల సంపుటి స్వరూపాన్ని నిర్ణయించినది కళాకారుల సంకల్పం ఒక్కటే కాదు. రికార్డు పరిమాణం, ధర, కొనుగోలుదారుల అలవాట్లు కూడా దానిని శాసించాయి. 7 అంగుళాల ఎక్స్‌టెండెడ్ ప్లే (ఇ.పి.) రికార్డు సింగిల్‌కూ, 12 అంగుళాల లాంగ్ ప్లే (ఎల్.పి.)కీ నడుమ నిలిచిన రూపం. తెలుగు సినిమా పాటలను ఇ.పి.లపై విన్న తరానికి ఇది పరిచితమే. బ్రిటిష్ రాక్ బృందం బీటిల్స్ 1967లో వెలువరించిన ‘మాజికల్ మిస్టరీ టూర్’ ఈ రూపంలోనే ఎందుకు వచ్చింది, ఆ రూపం తర్వాత ఎలా మరుగునపడింది అన్నవి ఇక్కడ పరిశీలనాంశాలు.

‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ 1967లోనూ, తర్వాతి స్టూడియో సంపుటి ‘ది బీటిల్స్’ 1968 నవంబరు 22నా వెలువడ్డాయి. ఈ రెండింటి నడుమ బృందం ఒక టెలివిజన్ చిత్రాన్ని చేపట్టింది. 1967 ఆగస్టు 27న మేనేజరు బ్రయాన్ ఎప్‌స్టీన్ మరణించాడు. సెప్టెంబరులో చిత్రీకరణ సాగింది. చిత్రానికి సిద్ధమైన కొత్త పాటలు ఆరు. సాధారణంగా నాలుగు పాటలుండే ఇ.పి.కి అవి ఎక్కువ, ఎల్.పి.కి తక్కువ. అందువల్ల రెండు ఇ.పి.లను 28 పుటల సచిత్ర పుస్తకంతో జతచేసి 1967 డిసెంబరు 8న బ్రిటన్‌లో విడుదల చేశారు. అది అక్కడి సింగిల్స్ పట్టికలో రెండో స్థానానికి చేరింది. మొదటి స్థానంలో ఉన్నది అదే బృందపు ‘హలో, గుడ్‌బై’. ‘ఐ యామ్ ద వాల్‌రస్’ పాట ఈ రెండు రికార్డులపైనా ఉండడం గమనార్హం.

అమెరికాలో అప్పటికి ఇ.పి.లకు ఆదరణ తగ్గింది. అందుచేత క్యాపిటల్ సంస్థ ఆరు పాటలను ఎల్.పి. మొదటి వైపున ఉంచి, రెండో వైపున ఆ ఏడాది సింగిల్స్‌లోని ఐదు పాటలను చేర్చి 1967 నవంబరు 27న విడుదల చేసింది. వాటిలో ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’, ‘పెన్నీ లేన్’ పాటలు ‘సార్జెంట్ పెప్పర్స్’ కంటే ముందే ఫిబ్రవరిలో వెలువడినవి. బ్రిటన్‌లోనూ 1976లో ఎల్.పి. రూపం వచ్చింది. 1987లో బీటిల్స్ సంపుటాలు కాంపాక్ట్ డిస్కులుగా వెలువడినప్పుడు ఇతర సంపుటాలకు బ్రిటిష్ రూపాన్ని పాటించినా, దీనికి మాత్రం అమెరికన్ కూర్పునే స్వీకరించారు. నేడు ప్రామాణికంగా చలామణి అవుతున్నది ఈ పాఠమే.

ఈ మార్పు పాటల సంఖ్యకే పరిమితం కాదు, క్రమం కూడా మారింది. ఇ.పి.లో శీర్షిక గీతం తర్వాత ‘యువర్ మదర్ షుడ్ నో’ వస్తుంది. ‘ఐ యామ్ ద వాల్‌రస్’ ఒక్కటే ఒక వైపంతా ఆక్రమిస్తుంది. జార్జ్ హారిసన్ రచించిన ‘బ్లూ జే వే’ కూడా ఒంటరిగా నాలుగో వైపున నిలుస్తుంది. రికార్డు తిప్పే ప్రతిసారీ శ్రోతకు ఒక విరామం తప్పనిసరి. ఎల్.పి.లో ఈ ఆరు పాటలూ ఒకే వైపున ఎడతెగకుండా సాగుతాయి. నాలుగో వైపున ముగింపుగా ఉన్న ‘బ్లూ జే వే’ నడిమికి చేరగా, ‘వాల్‌రస్’ ఆ వైపుకు ముగింపయింది.

తాళపత్ర ప్రతుల్లో ప్రక్షిప్తాలను గుర్తించే పరిష్కర్తకు ఈ సమస్య కొత్తది కాదు. అయితే ఇక్కడ చేర్పులు పరుల రచనలు కావు, అదే బృందం పాటలు. పైగా అవి మేలైన పాటలు. కనుకనే మూలరూపం సులువుగా మరుగునపడింది. పదకొండు పాటల కూర్పును 1967 నాటి బృంద సంకల్పంగా భావించి, దాని అంతస్సూత్రాన్ని వెదికే విమర్శకుడు నిజానికి ఒక రికార్డు సంస్థ వ్యాపార నిర్ణయాన్ని వ్యాఖ్యానిస్తున్నాడు. ఫిబ్రవరి నాటి పాటలను డిసెంబరు నాటి రచనలో భాగంగా చదివితే బృంద పరిణామక్రమమే తలకిందులవుతుంది.

ఎల్.పి. రూపాన్ని తిరస్కరించాలని దీని అర్థం కాదు. దశాబ్దాల శ్రవణానుభవం దానికీ ఒక చారిత్రక ప్రతిపత్తిని ఇచ్చింది. కానీ రెండు పాఠాలనూ వేర్వేరుగా పేర్కొనడం పరిశోధకుని బాధ్యత. రెండు స్టూడియో సంపుటాల నడుమ వచ్చిన చిన్న రికార్డును అసంపూర్ణ సంపుటంగా కాక, తనదైన కొలత గల రచనగా గుర్తించినప్పుడే ఆరు పాటలకు నాలుగు వైపులు కేటాయించిన ఆ కూర్పు అర్థమవుతుంది.