ఆంధ్రగ్రంథములు - పాఠకాభిప్రాయములు

ప్రతి గ్రంథమునకును రెండు చరిత్రములు గలవు. గ్రంథకర్త దానిని రచించిన చరిత్ర మొకటి. పాఠకులు దానిని గ్రహించిన చరిత్రము రెండవది. ఆంధ్రవాఙ్మయచరిత్రకారులు మొదటిదానియందు చూపినంత శ్రద్ధ రెండవదానియందు చూపలేదు. కవుల కాలనిర్ణయము, వంశవృత్తాంతము, కృతిభర్తల పరంపర, ప్రత్యంతరములందలి పాఠభేదములు మొదలగువానినిగూర్చి పెక్కు సంపుటములు వెలసినవి. ఏ గ్రంథము నే కాలమున నెవరు చదివిరి, చదివి యేమనిరి, ఆ మాటవలన గ్రంథమునకు గాని భాషకు గాని కలిగిన ఫలమేమి యను విచారము మాత్రము ప్రసంగవశమున వచ్చుటయే యెక్కువ. పాఠకాభిప్రాయమును గాలిమాట యని త్రోసివేయుట తగదు. అదియు గ్రంథమువలెనే కాలబద్ధమైన సాక్ష్యము. అయితే సాక్షిని విచారింపక సాక్ష్యమును గైకొనరాదు.

ముద్రణమునకు పూర్వము గ్రంథాభిప్రాయమునకు వేరు రూపము లుండెను. ప్రబంధావతారికలలోని సుకవిస్తుతియు కుకవినిందయు ఒకవిధమైన యభిప్రాయములే. కాని స్తుతింపబడిన కవి పేరు వినబడునే గాని, అతని కృతియందలి యే గుణము స్తుత్యమో సాధారణముగా తెలియరాదు. నిందింపబడిన కుకవికి తరచుగా పేరే యుండదు. రాజాస్థానములందు గ్రంథపఠనము సభలో జరిగెడిది. మెప్పు సన్మానరూపమున వెల్లడియగుచుండెను. లేఖకుడు తాటాకులపై ప్రతి వ్రాసికొనుటయు పాఠకుని తీర్పే. ఇంత శ్రమకు తగినదని తోచిన గ్రంథమునకు ప్రతులు పెరిగెను, తోచనిది పురుగులపాలయ్యెను. ఇట్టి తీర్పులు ఫలరూపమున మాత్రమే నిలిచినవి. వానికి కారణములు చెప్పినవారు లేరు.

ఒక పాఠకుని యభిరుచి గ్రంథముయొక్క యదృష్టమును మార్చుటకు వేమన పద్యములు చక్కని నిదర్శనము. అవి జనుల నోళ్లలో నాడుచున్నను పండితగోష్ఠులలో వానికి కావ్యగౌరవము లేకుండెను. ఛార్లెసు ఫిలిప్ బ్రౌను వానిని సేకరించి ఆంగ్లానువాదముతో 1829లో చెన్నపట్టణమున ప్రకటించెను. బ్రౌను కావ్యరసమునకై మాత్రమే వేమనను చదువలేదు. దేశభాషను, దేశస్థుల తలపులను తెలిసికొనుట యతని కవసరమయ్యెను. పాఠకుని యవసరము మారగా గ్రంథముయొక్క విలువయు మారినది. పద్యములు మాత్రము వెనుకటివే.

పత్రికలు పుట్టిన పిమ్మట అభిప్రాయమునకు కారణము చెప్పవలసిన బాధ్యత యేర్పడెను. కొక్కొండ వేంకటరత్నముపంతులుగారు 1871లో ఆంధ్రభాషాసంజీవనిని, కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. చిన్నయసూరి 1853లో ప్రకటించిన నీతిచంద్రిక మిత్రలాభ మిత్రభేదములతో నిలిచిపోయినందున తక్కిన తంత్రములను పూరింప నీ యిరువురును పూనుకొనిరి. అందువలన పోటీ యేర్పడెను. వీరేశలింగముగారు కొక్కొండవారి విగ్రహతంత్రమును విమర్శించుచు తప్పులు చూపిరి. ఉభయపక్షములవారును హాస్యపత్రికలు సైతము నడపిరి. ఈ కలహమున మాత్సర్యము లేదనుటకు వీలులేదు. అయినను ఒక మేలు కలిగెను. గ్రంథము మంచిదనియో చెడ్డదనియో యూరకుండుటకు వీలులేక, ఏ వాక్యమున నే శబ్దము దుష్టమో, ఏ సూత్రమునకు విరుద్ధమో చూపవలసి వచ్చెను. నాటి విమర్శకుల మొదటి ప్రశ్న శబ్దమునకు సంబంధించినది.

కల్పితకథ వచ్చినతోడనే ఈ ప్రశ్న చాలదయ్యెను. వీరేశలింగముగారి రాజశేఖరచరిత్రము 1878లో వివేకవర్ధనియందు క్రమముగా ప్రకటితమై 1880లో పుస్తకరూపము దాల్చెను. దానికి వివేకచంద్రిక యని నామాంతరము. ఆంగ్లకవి గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వేక్‌ఫీల్డు విక్కారు కథయే దీనికి ప్రేరకము. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు వివేకచంద్రికావిమర్శనమును రచించిరి. ఈ కథ స్వతంత్రమా, అనుకరణమా యను వాదము నాడు పుట్టి నేటివరకు నిలిచియున్నది. మరియొక దిక్కున 1887లో హచిన్సన్ అను నాంగ్లేయుడు ఈ నవలను తన భాషలోనికి మార్చి లండనులో ప్రకటించెను. ఒక్క గ్రంథమునే ఒక పాఠకుడు పరదేశపు కథకు ఛాయగా జూడగా, వేరొకడు తెలుగువారి గృహజీవనమునకు దర్పణముగా గొనిపోయెను. ఇందొకటి సత్యము, మరియొకటి యసత్యము అనుట సులభము కాదు. బ్రహ్మయ్యశాస్త్రిగారు కథ ఎక్కడనుండి వచ్చినదని యడిగిరి. హచిన్సను కథలో నేమున్నదని చూచెను. అభిప్రాయములు వేరగుటకు ముందే ప్రశ్నలు వేరైనవి.

నవలను మెచ్చుటకు ప్రమాణము లేర్పడకమునుపే దానికి బహుమానములు వచ్చెను. న్యాపతి సుబ్బారావుపంతులుగారి ప్రోత్సాహమున చింతామణి పత్రిక నవలల పోటీలను నడపెను. 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్రవిజయము బహుమానము నందెను. ఇచట పరీక్షకుల యభిప్రాయము గ్రంథము పుట్టిన పిదప వచ్చినదే యైనను, పోటీప్రకటనము గ్రంథము పుట్టుకకే కారణమయ్యెను. రచయిత పరీక్షకుని మనసులో నుంచుకొని వ్రాయుట యవతారికలలోని కృతిపతిని మరపించును. పోషకుడు మారెను గాని పోషణము మాసిపోలేదు.

వస్తుసత్యమునుగూర్చిన ప్రశ్నకు విజ్ఞానచంద్రికామండలి గ్రంథములు ప్రాబల్యము కలిగించెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును వారి మిత్రులును 1906లో హైదరాబాదున స్థాపించిన యీ మండలి చరిత్రములను, ప్రకృతిశాస్త్రములను, జీవితచరిత్రలను, నవలలను ఒకే మాలికలో గూర్చెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రమును, వేలాల సుబ్బారావుగారి రాణీసంయుక్త యను నవలయు, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రమును ఇట్లు పాఠకులను జేరెను. ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910లో వెలువడెను. శాసనముల యాధారమున రచింపబడిన యిట్టి గ్రంథమును జదువువాడు అలంకారములను వెదకడు. ఈ రాజు ఆ కాలమువాడనుటకు ప్రమాణమేమని యడుగును. రాణీసంయుక్తను జదువువాడు చరిత్రమునకును కల్పనకును హద్దెక్కడ నని యడుగును. కల్పితాకల్పితములను ప్రక్కప్రక్కన బెట్టుటవలన ఒక్కొక్కదాని కొక్కొక్క తులామానము కావలెనని తెలుగుపాఠకుడు నేర్చుకొనెను.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము ఈ హద్దునే కదలించెను. విజయనగరమున 1892లో ప్రదర్శింపబడి, 1897లో ముద్రితమైన యీ నాటకమునకు ఆంగ్లపీఠికలో గ్రంథకర్త యొక లెక్క నిచ్చిరి. మహారాజు నాజ్ఞచే విశాఖపట్టణమండలమందలి బ్రాహ్మణకుటుంబములలో మూడేండ్ల కాలమున జరిగిన శుల్కవివాహముల పట్టికను సిద్ధముచేయగా 1,034 తేలినవట. నాటకము కల్పితము, దాని యాధారము గణితము. ఇట్టి గ్రంథమును శబ్దదోషముల పట్టికతో గాని, కేవలము నీతిబోధతో గాని తూచుటకు వీలులేదు. అప్పారావుగారు 1909లో రెండవకూర్పును బెంచి, మార్చి ప్రకటించిరి. వాడుకభాష నాటకమునకు తగునా యను ప్రశ్న క్రమముగా వచనమంతటికి తగునా యను మహావాదముగా బెరిగెను. గ్రాంథికమున ఆరితేరిన వీరేశలింగముగారే 1919లో వర్తమానవ్యవహారికాంధ్రభాషాప్రవర్తకసమాజమున కధ్యక్షులగుట గమనింపదగినది. తగిన కారణము దొరకినచో అభిప్రాయమును మార్చుకొనుట అవమానము కాదని వారి యాచరణము చెప్పుచున్నది.

ప్రాచీనగ్రంథముల విషయమునను అభిప్రాయము నిదానమును కోరును. మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవమును 1909లో వెలికిదెచ్చి, ఆ కవి నన్నయకంటె పూర్వు డని తలచిరి. కొందఱు దానిని నమ్మిరి, కొందఱు ఖండించిరి, గ్రంథమే కూటసృష్టి యని శంకించినవారును లేకపోలేదు. తరువాతి పరిశోధకులలో పెక్కురు నన్నెచోడుని పండ్రెండవ శతాబ్దివానిగా గణించిరి. ఇందు పూర్వపక్షము వీగిపోయినను రామకృష్ణకవిగారి పరిశ్రమకు కొఱత లేదు. తలపు తప్పిననేమి, తాళపత్రము దక్కెను. కట్టమంచి రామలింగారెడ్డిగారి కవిత్వతత్త్వవిచారము 1914లో వెలువడి, పింగళి సూరన కళాపూర్ణోదయమును కథాసంవిధానము, పాత్రపోషణము అను క్రొత్త కొలతలతో పరిశీలించెను. ఆ గ్రంథముపై ఖండనమండనములు చాలకాలము సాగెను. పదునాఱవ శతాబ్ది కవికి ఇరువదవ శతాబ్దిలో మరియొక జీవిత మేర్పడుటకు ఒక పాఠకుడు కారణమయ్యెను.

అభిప్రాయమునకు అధికారబలము తోడైనప్పుడు విచారణ యాగిపోవును. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి 1922లో ప్రకటితమైనది. సంగవిజయ మను నామాంతరముగల యీ నవలలో హరిజనకుటుంబముయొక్క జీవనము కథకు కేంద్రము. నాటి ప్రభుత్వము దీనిని నిషేధించెను. ఆ నిషేధము ఒకసారి సడలి, మరల బిగిసి, 1937లో ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గముచే తొలగింపబడెను. ప్రభుత్వము పాఠకుడై వెలిబుచ్చిన యభిప్రాయము ఇదియే. కాని విమర్శకుడు గ్రంథమును ఖండించిన పిమ్మటగూడ గ్రంథము పాఠకునిచేతిలో నుండును. నిషేధకుడు పాఠకుని చేతినే ఖాళీచేయును. మొదటిది వాదము, రెండవది దౌర్జన్యము. ఈ భేదమును మరచినచో ఎంత కఠినవిమర్శనమైనను నిషేధమని తోచును, ఎంతటి నిషేధమైనను విమర్శనమని తోచును.

అవిచారితమైన యభిప్రాయమునకు సరియైన సమాధానము హైదరాబాదు రాష్ట్రమున లభించెను. తెలంగాణమున కవులే లేరను మాట బయలుదేరగా, గోలకొండపత్రికాసంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు నిందకు నింద బదులు చెప్పలేదు. కవుల వృత్తాంతములను, పద్యములను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 కవుల రచనలు చోటుచేసికొనెను. చదువనివాని తీర్పునకు చదువదగిన గ్రంథమే ప్రత్యుత్తర మయ్యెను. ఇంతకంటె మేలైన ఖండనము తెలుగువిమర్శనచరిత్రమున అరుదు.

ఇక గ్రంథాదియందు ముద్రింపబడు నభిప్రాయములు వేరొక జాతివి. గ్రంథకర్త ప్రతులను పెద్దలకు పంపుట, వారు నాలుగు పంక్తులు వ్రాసి యిచ్చుట, అవి పీఠికకు ముందు వరుసగా నచ్చుపడుట ముద్రణయుగమున ఆచారమయ్యెను. శైలి మృదుమధురము, పాకము ద్రాక్షాపాకము, ఆంధ్రులెల్లరు కొని చదువదగినది యను మాటలు నవలకును, వైద్యగ్రంథమునకును, శతకమునకును సమముగా నతుకును. అన్నిటికి నతుకునది దేనికిని చెందదు. అయినను చరిత్రకారున కిదియు వ్యర్థము కాదు. ఏ కాలమున నెవరి మాట చెల్లుబడియయ్యెనో, పండితుడో, న్యాయవాదియో, జమీందారో, కళాశాలాధ్యక్షుడో, ఆ పేర్ల వరుసయే చెప్పును. గుణము తెలియకున్నను గౌరవస్థానములు తెలియును.

కావున పాఠకాభిప్రాయమును పరిశీలించునపుడు నాలుగంశములు చూడవలయును. అభిప్రాయమిచ్చినవాడు గ్రంథమును పూర్తిగా చదివెనా. ఏ ప్రశ్నతో చదివెను. తన మాటకు గ్రంథమునుండియే యాధారము చూపెనా. ఆ మాటవలన తరువాతికూర్పున గాని, తరువాతి రచయితలయందు గాని మార్పు గలిగెనా. ఈ నాలుగింటికి నిలిచినది విమర్శనము. మొదటిదానికే నిలువనిది వదంతి.

ఇట్టి పరిశీలనమునకు సామగ్రి తరగిపోవుచున్నది. పుస్తకమునకు క్రొత్త అట్ట వేయునపుడు పాత అట్టయు, అభిప్రాయముల పుటలును, వెనుకటి ప్రకటనలును విడిపోవును. పత్రికల సంపుటములలో వ్యాసములను దాచి గ్రంథస్వీకారముల పుటలను నిర్లక్ష్యము చేయుట కలదు. నేడు పాతపుస్తకములు ఛాయాప్రతులుగా యంత్రములపై లభించుచున్నను, విడిపోయిన పుటను యంత్రము తిరిగి సృష్టింపలేదు. 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము, 1918లో వెలసిన వేటపాలెము సారస్వతనికేతనము వంటి గ్రంథాలయములు పాతప్రతులను గాపాడినందుననే ఈపాటి చరిత్రమైనను వ్రాయ సాధ్యమగుచున్నది. పాఠశాలలందును ఇందుకు తోడ్పాటు కలుగవచ్చును. విద్యార్థిచే గ్రంథము మంచిదని వ్రాయించుట సులభము. ఏ పుటలో నే వాక్యము తనకు నచ్చెనో, నచ్చలేదో, ఎందువలననో వ్రాయించుట కష్టము. విమర్శనవిద్య యా కష్టమునందే యారంభమగును.