ఐదో వారం

కుష్ఠుకు వాడే డాప్సోన్ మాత్ర మొదలుపెట్టిన రోజు ఏమీ జరగదు. వారం గడిచినా, రెండు వారాలు గడిచినా ఏమీ జరగదు. నాలుగో వారమో ఐదో వారమో జ్వరం తగులుతుంది. ఒళ్లంతా ఎర్రగా దద్దుర్లు లేస్తాయి, మెడలో బిళ్లలు కడతాయి, కళ్లు పచ్చబడతాయి. నెల రోజులుగా పడుతున్న మందు మీద ఎవరికి అనుమానం వస్తుంది? మాత్ర ఆగదు. చర్మం మీద మొదలైనది కాలేయం దాకా పోతుంది. డాప్సోన్ హైపర్‌సెన్సిటివిటీ సిండ్రోమ్ అని ఇవాళ పిలుస్తున్న ఈ జబ్బును డాక్టర్లు గుర్తుపట్టి డెబ్బై ఏళ్లు దాటింది. ఆ గుర్తుపట్టడంలో మన డిచ్‌పల్లికి కూడా ఒక సంబంధం ఉంది.

1908లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఎమిల్ ఫ్రోమ్, యాకోబ్ విట్‌మన్ డాప్సోన్ రసాయనాన్ని తయారుచేశారు. బాక్టీరియాను అణచే గుణం దానికి ఉందని లండన్, పారిస్ ప్రయోగశాలల్లో తేలేసరికి 1937 వచ్చింది. అప్పట్లో కుష్ఠుకు దిక్కు చాల్‌మూగ్రా జాతి నూనెలే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి ఆసుపత్రిలో ఇసబెల్ కెర్ ఆ నూనెను ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు. సూది పోటు భరించడం తప్ప రోగికి మరో దారి లేదు. ఆ ఆసుపత్రిలోనే పనిచేసిన జాన్ లో అనే బ్రిటిష్ డాక్టరు, తరువాత కలకత్తాలో పరిశోధన చేసి, నైజీరియాలోని ఉజుఆకోలి కుష్ఠు కేంద్రానికి వెళ్లారు.

1940లలో అమెరికాలోని కార్విల్‌లో గై ఫాగెట్ డాప్సోన్ జాతికే చెందిన ప్రోమిన్ అనే సల్ఫోన్ మందును నరానికి ఎక్కించి ఫలితం చూపారు. మద్రాసు దగ్గర చెంగల్పట్టులో రాబర్ట్ కాక్రేన్ డాప్సోన్‌నే ఇంజెక్షనుగా వాడారు. ఉజుఆకోలిలో జాన్ లో, మైకేల్ స్మిత్ ఇంకో అడుగు వేసి, తక్కువ మోతాదులో నోటి మాత్రగా ఇవ్వవచ్చని నిరూపించారు. పేద దేశాలకు కుష్ఠు వైద్యం అందుబాటులోకి వచ్చింది ఈ చవక మాత్రతోనే. దాని చెడ్డ గుణాన్ని తొలిగా నమోదు చేసినదీ ఆ ఇద్దరే. కొందరు రోగుల్లో ఐదో వారం ప్రాంతంలో చర్మం రేగి జ్వరం వస్తోందని 1949, 1950 నాటికే రాశారు. 1951లో నైజీరియా అనుభవంతోనే ఆల్డే, బార్న్స్ దీనిని ఒక ప్రత్యేక సిండ్రోమ్‌గా వర్ణించారు. తాము నమ్మి ఇచ్చిన మందు మీదే ఇంత నిశితమైన కన్ను వేసి ఉంచడం నన్ను కదిలిస్తుంది.

తరువాత చాలాకాలం ఈ కేసుల ఊసు పెద్దగా వినిపించలేదు. 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫజిమిన్, డాప్సోన్ కలిపిన బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేశాక మళ్లీ పెరిగాయని 1989లో రిచర్డస్, మరో స్మిత్ చూపారు. ఎందుకు? పాత డాక్టర్లు చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచేవారు. కొత్త పద్ధతిలో పెద్దవాళ్లకు తొలిరోజు నుంచే 100 మిల్లీగ్రాములు. ఇదీ ఒక వివరణ. నాకు ఇంకొకటి కూడా తోస్తుంది. నెల మందు ఒకే అట్టలో ఇంటికి వెళ్లే చోట ఐదో వారంలో రోగిని చూసే కన్ను ఉండదు. లక్షల మందిని బాగుచేసిన పద్ధతి అది, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ కన్నుకు బదులు రోగికి ఒక హెచ్చరిక చెప్పి పంపాలి.

మూర్ఛ మందులతో, అల్లోప్యూరినాల్‌తో కూడా ఇలాంటి జబ్బే వస్తోందని తేలుతూ వచ్చింది. వీటన్నిటికీ కలిపి 1996లో ఫ్రాన్స్‌లో బోకే, రూజో బృందం ‘డ్రెస్’ అని పేరు పెట్టింది. చికిత్స మటుకు ఇప్పటికీ పాత సూత్రమే: ముందు మందు ఆపాలి. ఆపినా డాప్సోన్ పేగులకూ కాలేయానికీ మధ్య తిరుగుతూ వారాల తరబడి ఒంట్లో నిలుస్తుంది. అందుకే ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్లను నాలుగు రోజులిచ్చి మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. నెలకు పైగా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఆ మనిషికి మళ్లీ డాప్సోన్ ఇవ్వకూడదు. కుష్ఠు చికిత్స క్లోఫజిమిన్, రిఫాంపిసిన్‌లతో సాగుతుంది. ప్రచురితమైన కేసులను కలిపి చూస్తే డాప్సోన్ వాడినవారిలో నూటికి ఒకరికి పైగా ఈ జబ్బు వస్తోంది. వారిలో పదింట ఒకరు చనిపోతున్నారు.

ఎవరికి ముప్పు ఎక్కువో ముందే చెప్పగలగడం 2013లో సాధ్యమైంది. హెచ్‌ఎల్‌ఏ-బి*13:01 అనే జన్యు రూపం ఉన్నవారికి ముప్పు దాదాపు ఇరవై రెట్లని చైనా కుష్ఠురోగులను పరిశీలించిన బృందం తేల్చింది. భారతీయుల్లో కొన్ని సమూహాల్లో ఈ రూపం 12 శాతం దాకా ఉంది. పరీక్షలో అది కనిపించినవారికి డాప్సోన్ ఇవ్వకుండా చూసిన అధ్యయనం 2019లో వచ్చింది. మాత్ర వేసుకున్న మిగతావారిలో ఒక్కరికీ ఈ జబ్బు రాలేదు. అయినా ఆ రూపం ఉన్నవారిలో చాలామందికి మందు హాయిగా పడుతుంది. ఆఫ్రికా ప్రజల్లోనైతే ఈ రూపం దాదాపు కనిపించదు. జబ్బును తొలిసారి చూసింది మాత్రం అక్కడే. ఉజుఆకోలి రోగులను కాపాడటానికి జాన్ లో చేతిలో ఉన్నది ఐదో వారం అనే ఒక లెక్క. ఇవాళ మన పల్లెలో మందు అట్ట చేతికిచ్చే ఆరోగ్య కార్యకర్త “ఈ రెండు నెలల్లో జ్వరం గానీ దద్దుర్లు గానీ వస్తే మాత్ర ఆపి వెంటనే రా అమ్మా” అని చెప్పినప్పుడు వాడుతున్నదీ ఆ లెక్కనే.